అపరాధ పరిశోధన నవలలు – అనుమానానికి అదుపు

అపరాధ పరిశోధన నవలలు, సస్పెన్స్ నవలలు పిల్లలు చదవవచ్చునా అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ఒకప్పుడు పరుపు క్రింద దొరికిన అద్దె పుస్తకాన్ని చేతపట్టుకొని వచ్చి అడిగేవారు. ఇప్పుడు సెల్‌ఫోను తెర చూపించి అడుగుతున్నారు. ప్రశ్న మాత్రం మారలేదు. “హజ్రత్, ఇది హలాలా, హరామా? ఒక్క మాటలో చెప్పండి” అంటారు. ఒక్క మాటలో తేలే సంగతి కాదు గనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఇది ఫత్వా కాదు. ఫత్వా ఇవ్వడం ముఫ్తీల బాధ్యత. నాయుడుపేటలో మదర్సా పిల్లలకు పాఠాలు చెప్పుకొనే మాకు ఈ నవలలతో నలభై ఏండ్ల పరిచయముంది. ఆ పరిచయం వలన ఏర్పడిన అభిప్రాయాలను పాఠకుల ముందు పెడుతున్నాము.

మా బాల్యంలో చిన్న ఊళ్ళలో సైతం అద్దె పుస్తకాల దుకాణాలు ఉండేవి. అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టబడి, చివరి పుట ఉన్నదో లేదో చూసి తీసుకోవలసిన స్థితిలో ఆ పుస్తకాలు చేతులు మారేవి. వాటిలో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలకు గిరాకీ ఎక్కువ. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మద్రాసులో నేరస్థుల కొరకు గాలించే కథలవి. మా ఊరివారికి మద్రాసు పరాయి నగరం కాదు. పెండ్లి బట్టలకూ, పెద్దాసుపత్రికీ, బ్రతుకుతెరువుకూ రైలెక్కి పోయే నగరం. అందువలన యుగంధర్ మాకు ఏదో కల్పిత వ్యక్తివలె గాక, వెళ్ళి వెదికితే కనిపించే మనిషివలె తోచేవాడు. అటు పిమ్మట మధుబాబు గారి షాడో వచ్చాడు. యుగంధర్ ఆలోచించేవాడు. షాడో దుమికేవాడు. కుర్రకారు మనస్సు షాడో వైపు మొగ్గింది. అదే కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ గారి ధారావాహికలు వారపత్రికలలో వెలువడి, తరువాయి భాగం కొరకు ఇంటిల్లిపాదినీ వారం రోజులు ఎదురుచూసేటట్లు చేశాయి.

దీనీ విద్య కొరకు మేము ఉత్తర ఆర్కాటు ప్రాంతంలోని ఒక మదర్సాలో చేరినప్పుడు ఉర్దూలో ఈ కోవ రచనలు చదివే భాగ్యం కలిగింది. మాకు ఉర్దూ బోధించిన ఉస్తాదు గారు ఇబ్నె సఫీ నవలలను తామే తెచ్చి ఇచ్చేవారు. భాషలో నుడికారం పట్టుబడాలంటే ఇవి చదవండి, కాని ఇషా తరువాత కాదు, అస్ర్ తరువాత చదవండి అని నియమం పెట్టేవారు. ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. అలహాబాదు జిల్లాలోని నారా గ్రామంలో 1928లో జన్మించారు. 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ పేరిట నవలల పరంపర ప్రారంభించారు. ఆ ఏడే కరాచీకి తరలిపోయారు. 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’ మొదలుపెట్టారు. 1980 జూలై 26న కన్నుమూశారు. ఆ రెండు పరంపరలలో కలిపి రెండు వందలకు పైగా నవలలు వ్రాశారు. ఉర్దూలో అశ్లీల సాహిత్యమే అమ్ముడుపోతుందన్న వాదన ఆయన మిత్రుల గోష్ఠిలో వచ్చినప్పుడు, అది సరి కాదని నిరూపించడానికే ఆయన ఈ రచనకు పూనుకొన్నారు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ కథలలో హాస్యముంది, ఉత్కంఠ ఉంది. ఇంట్లో ఆడపిల్లల ముందు పైకి చదవడానికి జంకవలసిన పుట లేదు. జనాదరణ కొరకు బురదలో దిగనక్కరలేదని ఆయన జీవితమే సాక్ష్యం. నేటి రచయితలు, ముఖ్యంగా తెర కొరకు కథలు అల్లేవారు, ఈ ఒక్క సంగతి గ్రహిస్తే ఎంతో మేలు.

ఇక కథ చదవడమే తప్పు అనే పెద్దలు కొందరున్నారు. వారి ఆందోళన మాకు అర్థమవుతుంది. కాని ఇస్లాం కథకు శత్రువు కాదు. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) పదకొండుమంది స్త్రీలు తమ భర్తల గుణగణాలు చెప్పుకొన్న సుదీర్ఘమైన కథను వినిపించగా మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఓపికగా ఆలకించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా సూరా అంతా ఒకే కథగా సాగుతుంది. అది సూరా యూసుఫ్. 111 ఆయతుల ఆ సూరాను పాఠం చెప్పినప్పుడెల్లా మాకు ఒక సంగతి మనస్సుకు తట్టుతుంది. నేరం, సాక్ష్యం, అనుమానం అనే మూడింటిని గూర్చి ఇంతకంటె లోతైన పాఠం వేరొకచోట మేము చదవలేదు.

ఆ కథలో చొక్కా మూడు మార్లు వస్తుంది. మొదటి చొక్కా మీద రక్తముంది. తోడేలు తిన్నదని అన్నలు తండ్రికి చూపారు. చొక్కా చిరగకుండా మనిషిని తిన్న తోడేలు ఎంత మర్యాదగలదో అని వ్యాఖ్యాతలు ఎత్తిచూపారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఆ రక్తాన్ని నమ్మలేదు. అయినను కుమారులపై విరుచుకుపడలేదు. చక్కని సహనం వహించి అల్లాహ్ సహాయం కోరారు. రెండవ చొక్కా వెనుకనుండి చిరిగింది. ముందు చిరిగి ఉంటే అతడు దోషి, వెనుక చిరిగి ఉంటే అతడు సత్యవంతుడు అని ఆ స్త్రీ ఇంటివారిలోని ఒకరే తర్కించి చెప్పగా హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) నిర్దోషిత్వం తేలింది. తేలిన పిమ్మట కూడ ఆయన చెరసాల పాలయ్యారు. మూడవ చొక్కా చూపు పోయిన తండ్రికి చూపు తెచ్చింది. ఒక చొక్కా అబద్ధమాడింది, ఒకటి నిజం చెప్పింది, ఒకటి స్వస్థపరచింది. అదే కథలో తమ్ముని మూటలో రాజుగారి పాత్ర దొరుకుతుంది. పాత్ర దొరికిన మాట నిజమే, కాని ఆ తమ్ముడు దొంగ కాడు. కండ్లకు కనబడిన వస్తువు నిజమైనప్పటికీ దానినుండి మనం తీసిన నిర్ణయం అబద్ధం కావచ్చునన్నమాట.

ఈ పాఠాన్ని మనస్సులో పెట్టుకొని మేము నవలలను తూచుతాము. తూకంలో తేలిపోయే నవలలు అనేకం. వాటిలో మాకు నచ్చని గుణాలేవో ముందు చెప్పుతాము.

మొదటిది భయాన్ని అమ్ముకోవడం. యండమూరి గారి ‘తులసిదళం’ నవల వెలువడిన రోజులలో దానిని చదవని ఇల్లు అరుదు. పసిపాపను చేతబడికి గురి చేసే కథ అది. చదివించే శక్తిలో దానికి సాటి వచ్చిన తెలుగు నవలలు కొన్నే. దానిని తీవ్రంగా ఖండిస్తూ రంగనాయకమ్మ గారు ఒక పుస్తకమే వ్రాశారు. ఆమె ఆలోచనా మార్గం వేరు, మాది వేరు. ఆమె దైవాన్నే అంగీకరించరు. అయినను ఆ నవల విషయంలో ఆమె కలత చెందిన చోటనే మేమూ కలత చెందాము. చేతబడి అనేది అసలు లేదని మేము అనము. సిహ్ర్ గూర్చి ఖుర్ఆన్ హెచ్చరించింది, ముడులలో ఊదేవారి కీడునుండి శరణు వేడమని సూరా ఫలఖ్ నేర్పింది. కాని అల్లాహ్ అనుమతి లేనిదే అది ఎవరికీ హాని చేయజాలదని కూడ అదే ఖుర్ఆన్ చెప్పింది. నవల ఆ రెండవ సగాన్ని చెప్పదు. పుస్తకం మూసిన పాఠకురాలి మనస్సులో మిగిలేది శరణు కాదు, గుబులు. ఆ గుబులుకు ఒక ముఖం కావాలి. ప్రక్కింటి విధవరాలో, తోడికోడలో, ఊరి చివరనుండే వృద్ధుడో ఆ ముఖమవుతారు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వస్తూనే ఉన్నాయి. ఆ చావులన్నింటికీ నవల కారణమని మేమనము. కాని ఆ మంటలో పుల్లలు వేయడం ఏ రచయితకూ తగదు.

రెండవది చావును చులకన చేయడం. అనేక సస్పెన్స్ నవలలలో మొదటి పుటలో ఒక శవం పడుతుంది. ఆ మనిషికి తల్లి ఉన్నదా, పిల్లలున్నారా అన్న చింత రచయితకు లేదు. శవం అతనికి ఒక చిక్కుముడి మాత్రమే. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళిని చంపడం వంటిదని నేర్చుకొన్న సమాజం, పుటకొక శవాన్ని వినోదంగా చూడడానికి అలవాటు పడరాదు. మంచి నవలలో చనిపోయినవాని కొరకు ఎవరో ఒకరు ఏడుస్తారు. ఆ ఏడుపు వినిపించే నవలను మేము ప్రక్కన పెట్టము.

మూడవది నిద్ర, నమాజు. చివరి పుట చేరేవరకు దింపనివ్వని పుస్తకమని అట్టపై ప్రకటించుకోవడం ఈ నవలలకు గొప్ప. ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. రాత్రి రెండింటివరకు హంతకుని వెంట పరుగెత్తినవాడు ఫజ్ర్ అజాన్ వినలేడు. మా ఉస్తాదు గారు పెట్టిన అస్ర్ నియమాన్ని మేము మా పిల్లలకూ పెట్టాము. మగ్రిబ్ అజాన్ కాగానే, హంతకుడు కత్తి ఎత్తి ఉన్నను సరే, పుస్తకం మూయవలసిందే. మొదట్లో పిల్లలకు ఇది శిక్షగా తోచింది. తరువాత వారే ఒక సంగతి గ్రహించారు. మూసిన పుస్తకాన్ని గూర్చి మరునాటివరకు ఆలోచించడంలో ఉన్న రుచి, ఒక్క గుక్కలో చదివిన పుస్తకంలో లేదు.

ఈ మూడింటికంటె ముఖ్యమైనది నాల్గవది. అది అనుమానం. ఈ నవలల ప్రాణమే అందులో ఉన్నది. వంటమనిషి, తోటమాలి, మేనల్లుడు, వైద్యుడు, వీరందరిలో ఎవరినైనా నమ్మినావా మోసపోయినావు అని నవల పాఠకునికి పుటపుటకూ చెప్పుతుంది. సూరా హుజురాత్ దీనికి సరిగా ఎదురుదిశలో నడిపిస్తుంది. అధికమైన అనుమానాలకు దూరంగా ఉండమంటుంది, కొన్ని అనుమానాలు పాపాలంటుంది, ఇతరుల గుట్టు వెదకవద్దంటుంది. ఒక మనిషిని పట్టి తెచ్చి, ఇతని గడ్డం నుండి సారా కారుతున్నదని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారితో అన్నారట. గుట్టు వెదకడం మాకు నిషేధింపబడింది, ఏదైనా బహిరంగమైతే దానిని మాత్రమే పట్టించుకొంటామని వారు సమాధానమిచ్చిన ఉదంతం అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. అట్లయితే అనుమానమే ఆటగా సాగే నవల విశ్వాసికి తగునా? ఈ ప్రశ్నను మేము పుస్తకంలో కాదు, మా మదర్సాలోనే ఎదుర్కొన్నాము.

ఏ సంవత్సరమో చెప్పము. ఆ పిల్లవానిని గుర్తుపట్టగల వివరమేదీ వ్రాయము. వసతిగృహంలో ఒక విద్యార్థి పెట్టెలోనుండి కొంత డబ్బు పోయింది. పెద్ద తరగతి పిల్లలలో ముగ్గురికి డిటెక్టివ్ నవలల పిచ్చి. వారు తామే పరిశోధన ప్రారంభించారు. మూడు రోజుల పిమ్మట ఒక నోటుపుస్తకంతో మా గదికి వచ్చారు. అందులో ఆధారాలు వరుసగా వ్రాసి ఉన్నాయి. క్రొత్తగా చేరిన ఒక చిన్న పిల్లవాడు ప్రతి రాత్రీ అందరూ నిద్రించిన తరువాత లేచి వెలుపలికి పోతున్నాడు. చాలాసేపటికి గాని తిరిగి రాడు. వచ్చేటప్పుడు కాళ్ళు తడిగా ఉంటాయి. ఎక్కడికి పోయినావని అడిగితే తడబడుతున్నాడు. ప్రక్కవారితో కలిసి పడుకోడు, గోడవారనే పడుకొంటాడు. తన పెట్టెను ఎవరినీ ముట్టనివ్వడు. “హజ్రత్, ఇక వాని పెట్టె తెరిపించడమే మిగిలింది, అందరి ముందూ తెరిపిద్దాము” అన్నారు. వారు వ్రాసుకొన్న ప్రతి మాటా నిజమే. తర్కం కూడ యుగంధర్ తర్కానికి తీసిపోదు.

“పెట్టె తెరిచి డబ్బు కనబడకుంటే ఏమి చేస్తారు?” అని అడిగాము. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. నవలలో అట్టి అధ్యాయం వారు చదవలేదు. నోటుపుస్తకం మా వద్ద ఉంచుకొని, ఈ సంగతి నాల్గవ మనిషికి తెలియరాదని ఆన పెట్టి పంపివేశాము. ఆ రాత్రి ఆ చిన్నవాడు లేచిన వేళకు మేము వెలుపల వజూ చేస్తున్నవారివలె కుళాయి దగ్గర కూర్చొని ఉన్నాము. వాడు ఒక దుప్పటి చుట్టుకొని వచ్చాడు. మమ్మల్ని చూసి నిలుచుండిపోయాడు. దుప్పటి తడిసి ఉన్నది. పదేండ్లు దాటినప్పటికీ వానికి నిద్రలో పక్క తడిపే బాధ పోలేదు. ఆ సంగతి తోటివారికి తెలిస్తే ఆ వయసులో బ్రతకడమే కష్టం. అందుకని ప్రతి రాత్రీ చీకటిలో దుప్పటి ఉతికి, వెనుక గోడపై ఆరవేసి, ఫజ్ర్‌కు ముందే మడిచి పెట్టెలో దాచుకొంటున్నాడు. ఇంకను తడి ఆరని ఆ దుప్పటే పెట్టెలోని రహస్యం.

మేము వానిని ఏమీ అడగలేదు. వాడు దుప్పటి పిండుకొన్నంతసేపు మరొక వైపు తిరిగి కూర్చొన్నాము. మరునాడు ఇంటి నుండి పాత దుప్పట్లు మరి రెండు తెప్పించి వాని పెట్టె దగ్గర ఉంచాము. వాని తండ్రితో విడిగా మాట్లాడి వైద్యునికి చూపించమన్నాము. కొన్ని నెలలలో ఆ బాధ తగ్గింది. ఆ ముగ్గురు పరిశోధకులను పిలిచి, ఆ పిల్లవాడు దొంగ కాడు, మీ ఉస్తాదు సాక్ష్యం చాలు, కారణం అడగవద్దు అని చెప్పాము. పోయిన డబ్బు దొరకలేదు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. నవలలో అయితే ఇది చెల్లదు. చివరి పుటలో దొంగ దొరకవలసిందే. జీవితంలో చాలాసార్లు దొంగ దొరకడు. దొరకనప్పుడు కూడ నిర్దోషి గౌరవం నిలబడాలి. ధర్మం కోరేది అది.

ఆ ఉదంతం తరువాత తోటి ఉపాధ్యాయులు కొందరు నవలలన్నీ నిషేధించాలన్నారు. మేము వేరొక మార్గం సూచించాము. ఉర్దూ పాఠంలో భాగంగా ఒక మంచి అపరాధ పరిశోధన నవలను పిల్లలచేత రోజుకు కొన్ని పుటలు చదివించసాగాము. కథ మూడువంతులు గడిచిన చోట పుస్తకం మూసి, ప్రతి పిల్లవానికీ ఒక చీటీ ఇచ్చాము. హంతకుడు ఎవరని నీ అనుమానం, ఎంత నిశ్చయంగా ఉన్నావు, అల్లాహ్ పై ప్రమాణం చేసి చెప్పగలవా అని మూడు ప్రశ్నలు. చీటీలన్నీ ఒక కవరులో పెట్టి అతికించాము. నవల పూర్తి అయిన రోజున తెరిచాము. పందొమ్మిది చీటీలలో రెండు మాత్రమే సరియైనవి. నిశ్చయంగా ఉన్నామని వ్రాసినవారిలో ఒక్కరూ గెలువలేదు. గెలిచిన ఇద్దరూ “నిశ్చయం లేదు” అనే వ్రాశారు. ప్రమాణం చేయగలనని మాత్రం ఎవరూ వ్రాయలేదు. అది చూసి మా మనస్సు చల్లబడింది. “కాగితం మీది మనిషి విషయంలోనే ప్రమాణం చేయడానికి మీకు చేయి రాలేదు, రక్తమాంసాలున్న మనిషి విషయంలో నోరెట్లు వస్తుంది?” అని అడిగాము. తరగతి నిశ్శబ్దమైంది. ఆ ముగ్గురు పరిశోధకులలో ఒకడు తల వంచుకొని కూర్చొన్నాడు.

అప్పటినుండి మా అభిప్రాయం స్థిరపడింది. మంచి సస్పెన్స్ నవల పాఠకునిలో అనుమానం రేపుతుంది, చివరకు ఆ అనుమానాన్ని ఓడిస్తుంది. ఓడిన పాఠకుడు తన తొందరపాటును చూసి తాను నవ్వుకొంటాడు. ఎవరికీ హాని లేకుండా ఈ పాఠం నేర్చుకొనే చోటు ఇంకొకటి లేదు. చెడ్డ నవల మాత్రం పాఠకుడు ముందునుండి ఎవరిని ద్వేషిస్తున్నాడో వానినే చివరకు దోషిగా చూపి, చూశావా నీవు అనుకొన్నదే నిజం అని వీపు తట్టుతుంది.

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ జీవితంలో ఈ భేదం కండ్లకు కట్టుతుంది. ఇంగ్లండులో గ్రేట్ వైర్లీ అనే పల్లెలో జార్జి ఎడల్జీ అనే యువ న్యాయవాది ఉండేవాడు. అతని తండ్రి బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించి ఆ పల్లెలో మతగురువైనాడు. రాత్రివేళ పొలాలలో పశువులను ఎవరో కోసి చంపుతుండగా, ఊరి అనుమానం ఆ నల్లని కుటుంబంపై వ్రాలింది. 1903లో ఎడల్జీకి ఏడేండ్ల కఠిన శిక్ష పడింది. మూడేండ్లకు విడుదలైనప్పటికీ మచ్చ పోలేదు. డాయిల్ అతనిని మొదటిసారి చూసినప్పుడు అతడు వార్తాపత్రికను కండ్లకు ఆనించి, ప్రక్కకు త్రిప్పి చదువుతున్నాడు. ఇంత చూపు తక్కువైన మనిషి చీకటిలో పొలాలు దాటి పశువులను కోయగలడా అని డాయిల్ ప్రశ్నించి, 1907లో పత్రికలో వ్యాసాలు వ్రాశారు. ఆ ఏడే ప్రభుత్వం ఎడల్జీకి క్షమాభిక్ష ఇచ్చింది. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. నేరస్థుల అప్పీళ్ళు వినే న్యాయస్థానం ఆ దేశంలో ఏర్పడడానికి ఈ వ్యవహారం కూడ తోడ్పడింది. కథలు వ్రాయడంలో అలవడిన చూపును ఆ రచయిత ఒక నిర్దోషిని కాపాడడానికి ఉపయోగించారు. నవల చదివే అలవాటు మనకు ఇవ్వవలసినది కూడ ఆ చూపే.

అట్టి చూపు మనకు ఎంత అవసరమో మన సమాజానికి వేరుగా చెప్పనక్కరలేదు. 2007 మే 18న, శుక్రవారం నాడు, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు ప్రేలింది. నమాజుకు వచ్చినవారే మరణించారు. అటు తరువాత అనుమానంపై పట్టుబడిన ముస్లిం యువకులు పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. వారికి నష్టపరిహారం ఇస్తామని ఆనాటి ప్రభుత్వమే ముందుకు వచ్చింది. కాని చదువు ఆగిపోయిన ఏడాదిని, కుదిరి తప్పిన సంబంధాన్ని ఏ పరిహారం తిరిగి ఇస్తుంది? గడ్డం, టోపీ, పేరు చూసి విలనును నిర్ణయించే నవలలూ, చలనచిత్రాలూ వెలువడుతున్న కాలమిది. వాటిని చూసి మన పిల్లలు కోపగించుకొంటారు. ఆ కోపం సహజం. అయితే అనుమానపు చేదు తెలిసినవాడు ఆ చేదును మరొకరికి పంచరాదు. ఇంట్లో ఉంగరం కనబడకుంటే ముందు పనిమనిషి కొంగు వైపు చూసే చూపు, వీధిలో దొంగతనం జరిగితే ఊరి వెలుపల గుడిసెల వైపు పోయే వ్రేలు మన ఇండ్లలోనూ ఉన్నాయి. ఎడల్జీపై వ్రాలిన చూపుకూ, ఈ చూపుకూ భేదం లేదు.

కనుక తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇది. పిల్లవాడు ఏ నవల చదువుతున్నాడో మీరూ చదవండి. అశ్లీలమున్నదానిని, చేతబడిని నమ్మించేదానిని, హంతకుణ్ణి వీరుణ్ణి చేసేదానిని నిస్సంకోచంగా ప్రక్కన పెట్టండి. ఎందుకు పెట్టారో చెప్పండి. కారణం చెప్పని నిషేధం పరుపు క్రిందికే పోతుంది. మిగిలినదానిని కూర్చొని కలిసి చదవండి. నడుమ ఒకచోట ఆపి చీటీ వ్రాయించండి, మీరూ వ్రాయండి. చివర అందరి ముందు చీటీలు తెరవండి. అమ్మ అనుమానం తప్పింది, నాన్న అనుమానం తప్పింది అని పిల్లలు చప్పట్లు చరుస్తారు. ఆ తరువాత ఇంట్లో నిజంగానే ఏదైనా వస్తువు పోయినప్పుడు, “ముందు చీటీ గుర్తుచేసుకొందాము” అని ఆ పిల్లలే అంటారు. మా మదర్సాలో ఈ మాట ఇప్పుడు సామెతవలె వాడుకలోనికి వచ్చింది. ఎవరిపైననైనా నేరం మోపబోయే పిల్లవానితో ప్రక్కవాడు “చీటీ!” అని ఒక్క మాట అంటాడు. వాడు నోరు మూసుకొని, పోయిన పెన్నును ముందు తన సంచిలోనే వెదుకుకొంటాడు.

అల్లాహ్ మన నాలుకలను అపనిందలనుండి, మన మనస్సులను దురనుమానాలనుండి కాపాడుగాక. ఇతరుల లోపాలను కప్పి ఉంచే భాగ్యం మనకు ప్రసాదించి, మన లోపాలను ఇహపరాలలో కప్పి ఉంచుగాక. ఆమీన్.